రైఫిల్ బారెల్ క్లీనింగ్: మన సీమలో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో ఎవరినైనా "బోరు క్లీన్ చేయాలి" అని అడిగితే ఫ్లషింగ్ బండివాళ్ల నంబరు చేతిలో పెడతారు. ఇది ఆ బోరు సంగతి కాదు. లైసెన్సు ఉన్న రైఫిల్ బారెల్ లోపలి బోరు సంగతి, అందులోనూ డబ్బు పోసి, నెలలు ఆగి, ఆర్డర్ మీద చేయించుకున్న బారెల్ సంగతి. షూటింగ్ రేంజిలో కలిసినప్పుడల్లా, పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నప్పుడల్లా ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. నా గోల ముందే చెప్పేస్తా: నేను చూసినంతలో కాల్చి పాడుచేసిన బారెళ్ల కంటే తోమి పాడుచేసినవే ఎక్కువ.

అసలు లోపల ఏం పేరుకుంటుంది?

తుపాకీ మందు కాలిన మసి ఒకటి, తూటా రాసిపోయిన లోహం ఒకటి. .22 సైజు తూటాలో అయితే ఆ లోహం సీసం, దానితోపాటు తూటాకు పూసిన మైనం. .308, .30-06, .315 లాంటి పెద్ద సైజుల్లో తూటాకు తొడుగు ఉంటుంది కాబట్టి రాగి. మసి నల్లగా, సీసం బూడిదరంగులో, రాగి అయితే సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రవం) తగిలాక నీలంగానో పచ్చగానో గుడ్డ మీదికి వస్తుంది. నారింజ-గోధుమ రంగు వచ్చిందంటే అది తుప్పు, అప్పుడు కంగారు పడాల్సిందే.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. బారెల్ లోపల మెలి తిరిగిన గాడి గ్రూవ్, రెండు గాళ్ల మధ్య గట్టు ల్యాండ్, రెండూ కలిపి రైఫ్లింగ్. .22 బారెల్‌లో గ్రూవ్ నుంచి గ్రూవ్‌కు సుమారు 5.64 మి.మీ., ల్యాండ్ నుంచి ల్యాండ్‌కు సుమారు 5.51 మి.మీ. అంటే తూటాను తిప్పే ఆ గట్టు ఎత్తు 0.06 మి.మీ. చిల్లర, తల వెంట్రుక మందమంత. మనం రాడ్డు పట్టుకుని బలం చూపించేది ఆ వెంట్రుక మందం మీద.

కస్టమ్ బారెల్ కదా, ఖరీదైనది కదా, ఎక్కువ సార్లు కడగాలా?

తక్కువ సార్లు. ఇది వినగానే చాలామంది నమ్మరు. మంచి బారెల్ చేసేవాళ్లు చివర్లో చేత్తో ల్యాపింగ్ చేస్తారు: ఒక రాడ్డు చివర సీసాన్ని బోరులోనే పోతపోసి, దానికి రాపిడి పొడి పూసి, ముందుకీ వెనక్కీ లాగుతారు. దాంతో లోపలి సన్నని గీతలన్నీ తూటా వెళ్లే దారి వెంబడే పడతాయి. ఫ్యాక్టరీ బారెల్‌లో పనిముట్టు గీతలు అడ్డంగా ఉండిపోయే అవకాశం ఎక్కువ, అవి ఆకురాయిలా తూటా మీది రాగిని గీకి పట్టుకుంటాయి. అందుకే ఫ్యాక్టరీ బారెల్‌కు ముప్పై గుడ్డలు పడితే ల్యాప్ చేసిన దానికి పది సరిపోతాయి. ఆ నునుపుకే మీరు డబ్బు కట్టారు, దాన్ని మళ్లీ మీ చేత్తో ఎందుకు గీకడం?

కొత్త బారెల్‌కు బ్రేక్-ఇన్ చేయాలా? ఒకటి కాల్చి కడిగి, మళ్లీ ఒకటి కాల్చి కడిగి...

దీని మీద షూటర్లు కొట్టుకుంటూనే ఉంటారు. ల్యాపింగ్ అయిన తర్వాత రీమర్ అనే కోత పనిముట్టుతో ఛాంబర్ (తూటా కూర్చునే గది) కోస్తారు కాబట్టి, ఛాంబర్ ముందుండే త్రోట్ దగ్గర మాత్రం కొత్తగా అడ్డగీతలు పడతాయి, మొదటి కొన్ని తూటాలు వాటిని సాపు చేస్తాయి. ఆ కొన్నింటి మధ్య రాగి తీసేస్తే మంచిదని వాదన. నా పద్ధతి: మొదటి ఐదు తూటాలకు ఒక్కోదాని తర్వాత, ఆ పైన ఐదేసి చొప్పున రెండుసార్లు, అంతే. యాభై సార్లు కడగడం మాత్రం తూటాలు, సాల్వెంట్, బారెల్ మూడూ దండగ. .22కు అయితే ఈ తతంగమే అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు?

మ్యాగజైన్ తీయండి, బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) తీసి పక్కన పెట్టండి, ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి చూడండి. తూటాలు ఇంకో గదిలో ఉండాలి. "ఖాళీదేలే అన్నా" అన్న మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు, నేను చెప్పినా సరే. కిటికీలు తెరిచి పెట్టండి, సిగరెట్, దీపం, స్టవ్ దగ్గర్లో వద్దు. చేతికి గ్లవ్స్, అయ్యాక సబ్బుతో కడుక్కోవడం, ఎందుకంటే మసిలో సీసం ఉంటుంది, అదే చేత్తో పిల్లలను ఎత్తుకుంటాం.

ఏమేం సామాన్లు కావాలి?

ఒకే ముక్కగా ఉన్న రాడ్డు, స్టీల్‌దో లేదా పైన పూత ఉన్నదో. మూడు ముక్కలు మరలతో బిగించే అల్యూమినియం రాడ్డు కిట్ చవగ్గా వస్తుంది, దాన్ని కొనొద్దు. అతుకుల దగ్గర అంచులు లేస్తాయి, మెత్తటి అల్యూమినియంలో ఇసుక రేణువు గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది. పిడి తిరిగేలా ఉండాలి, అప్పుడే గుడ్డ రైఫ్లింగ్ వెంబడి తిరుగుతూ పోతుంది. తర్వాత బోర్ గైడ్: బోల్ట్ ఉండే చోట దూర్చే గొట్టం, రాడ్డు వంగి త్రోట్‌ను రాసుకోకుండా, సాల్వెంట్ ట్రిగ్గర్‌లోకి కారకుండా కాపాడుతుంది. ఒక్క వస్తువే కొనగలను అంటే బోర్ గైడే కొనమంటా. ఇవి కాక ఒక జాగ్ (రాడ్డు చివర గుడ్డను పట్టే మొన), నైలాన్ బ్రష్ ఒకటి, కంచు బ్రష్ ఒకటి. స్టీల్ బ్రష్ ఇంట్లో అంట్లకు వాడుకోండి.

గుడ్డలకు నాన్న పాత నూలు పంచె మించింది లేదు. ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది, బాగా పీలుస్తుంది. పాలిస్టర్ కలిసిన లుంగీ, టీషర్టు ముక్కలు పనికిరావు, మురికిని అటూ ఇటూ జరుపుతాయే తప్ప పీల్చవు. జేబు రుమాలు కోసి పెట్టుకున్నాడొకాయన, అంచు కుట్టుతో సహా. అది బోరు మధ్యలో ఇరుక్కుని రెండు గంటలు పట్టింది తీయడానికి.

సరే, వరుసగా ఎలా చేయాలో చెప్పండి.

రైఫిల్‌ను ఊతం మీద పెట్టి మజిల్ (తూటా బయటికొచ్చే మూతి) కొంచెం కిందికి వంచండి, సాల్వెంట్ ముందుకు కారిపోవాలి గానీ వెనక్కి స్టాక్‌లోకి (రైఫిల్ కర్ర భాగంలోకి) పోకూడదు. బోర్ గైడ్ దూర్చి, సాల్వెంట్ తడిపిన గుడ్డను ఛాంబర్ వైపు నుంచి మజిల్ దాకా తోయండి. గుడ్డ బయటికి రాగానే తీసేయండి, దాన్ని మళ్లీ వెనక్కి లాగొద్దు, లాగితే తీసిన మురికిని తిరిగి లోపలికి పంపినట్టే. ప్రతి గుడ్డకూ రాడ్డును తుడవాలి. ప్రతి గుడ్డకూ అన్నాను.

రెండు మూడు తడి గుడ్డల తర్వాత పదిహేను నిమిషాలు వదిలేసి టీ తాగి రండి. అమోనియా ఉన్న ఘాటు సాల్వెంట్ అయితే డబ్బా మీద రాసిన సమయం దాటనివ్వొద్దు, చాలావాటికి 15 నిమిషాలే హద్దు, బారెల్ వేడిగా ఉన్నప్పుడు అసలు పోయొద్దు. ఆ తర్వాత నైలాన్ బ్రష్, మసి గట్టిగా ఉంటే కంచు బ్రష్, ఎనిమిది పది సార్లు. బ్రష్ మజిల్ నుంచి పూర్తిగా బయటికి వచ్చాకే వెనక్కి లాగాలి, బోరు మధ్యలో దిశ మార్చితే బ్రష్ పట్టేస్తుంది. లాగేటప్పుడు క్రౌన్‌కు, అంటే మజిల్ చివరి అంచుకు, రాడ్డు తగలనివ్వకండి. తూటా చివరిగా వదిలేది ఆ అంచునే. అక్కడ ఒక వైపు చిన్న నొక్కు పడితే గ్యాస్ ముందు ఆ వైపు నుంచి తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది. అందుకే మజిల్ వైపు నుంచి తోమొద్దని మొత్తుకునేది. కొన్ని రైఫిళ్లకు వెనక నుంచి రాడ్డు పోదు, వాటికి తాడులా లాగే బోర్ స్నేక్ నయం, అదీ ఉతికి వాడాలి.

మళ్లీ తడి గుడ్డలు, ఆపైన పొడి గుడ్డలు. ఛాంబర్‌ను విడిగా పొడిగా తుడవండి. చివర్లో నూనె అద్దిన ఒక గుడ్డ. నూనె అంటే గుడ్డ మెరిసేంత, కారేంత కాదు.

గుడ్డ నీలంగా వస్తూనే ఉందన్నా, రాగి అయిపోవట్లేదు!

జాగ్ దేనితో చేశారు? ఇత్తడైతే అదే మీ రాగి. ఇత్తడిలో ఉండేది రాగి, జింకే, సాల్వెంట్ దాన్ని కూడా కరిగిస్తుంది. నేను మొదటిసారి ఒక ఆదివారం పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా తోమాను, ప్రతి గుడ్డా నీలమే, మా ఆవిడ వచ్చి "గొట్టం అరిగిపోయేదాకా తోముతావా ఏంది" అని కసిరింది. ఆమె మాటే నిజం. బారెల్ ఎప్పుడో శుభ్రమైంది, నేను జాగ్‌ను కడుగుతున్నా. సాల్వెంట్ చుక్కను నేరుగా జాగ్ మీద వేసి పావుగంట తర్వాత తుడిచి చూడండి, తెలిసిపోతుంది. ప్లాస్టిక్ జాగ్ గానీ, నికెల్ పూత ఉన్నది గానీ వాడితే ఈ టెన్షన్ ఉండదు. కంచు బ్రష్ కూడా అంతే, అమోనియాతో వాడాక వెంటనే కడగకపోతే నెల తిరక్కుండా వెంట్రుకలు రాలిపోతాయి.

ఎన్ని తూటాలకోసారి కడగాలి?

మీ టార్గెట్ కాగితాన్ని అడగండి. గ్రూప్ (వరుసగా కాల్చిన తూటాల రంధ్రాల గుంపు) బాగున్నంత కాలం లోహం జోలికి పోవద్దు, కాల్చిన రోజు రెండు గుడ్డలతో మసి తుడిచి నూనె అద్దితే చాలు. గ్రూప్ విచ్చుకోవడం మొదలైతే అప్పుడు పూర్తిగా కడగండి, ఎన్ని తూటాల తర్వాత విచ్చుకుందో ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. రెండు మూడు సార్లు రాస్తే మీ బారెల్ లెక్క మీకు దొరుకుతుంది. నా రైఫిల్ లెక్క మీకు పనికిరాదు.

కడిగిన వెంటనే మొదటి తూటా ఎటో పోతోంది, ఏమైనా పాడైందా?

ఏమీ కాలేదు. నూనె ఉన్న బోరులో, బొత్తిగా శుభ్రమైన బోరులో తూటా ప్రవర్తన వేరు. కాల్చే ముందు పొడి గుడ్డ తోసి నూనె తీసేయాలి, ఇది గురి కోసమే కాదు, ఛాంబర్‌లో నూనె ఉంటే తూటా ఇత్తడి కేసు ఛాంబర్ గోడను పట్టుకోలేక బోల్ట్ మీద తోపుడు పెరుగుతుంది. ఆ తర్వాత రెండు నుంచి ఐదు తూటాలు మట్టిదిబ్బకు ఇచ్చేయండి. .22లో ఇరవై దాకా పట్టొచ్చు, తూటా బ్రాండ్ మార్చినా అంతే, కొత్త మైనం బోరంతా పరుచుకోవాలి. పోటీకి ముందురోజు రాత్రి తళతళలాడేలా కడుక్కుని పొద్దున లైన్‌లో తెల్లమొహం వేసేవాళ్లను చూస్తూనే ఉంటాం.

.22కు అసలు క్లీనింగ్ అక్కర్లేదంటారు కదా?

సగం నిజం. రాగి ఉండదు, వేగం తక్కువ, మైనం కాపలా కాస్తుంది. కానీ ఛాంబర్ దాటగానే మసి ఉంగరంలా గట్టిపడుతుంది, అది అంత సులభంగా పోదు. పైగా .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాల ప్రైమర్‌లో, అంటే దెబ్బ తగిలితే మందును అంటించే మిశ్రమంలో, రాపిడి కోసం గాజుపొడి కలిపేది ఉంటుంది, అది మసిలో కలిసి బోరు అడుగున పడి ఉంటుంది. అందుకే .22లో మొదటి పని తడి గుడ్డ, బ్రష్ కాదు. గాజుపొడిని ముందు బయటికి తోసి తర్వాత బ్రష్ పెట్టండి.

పిల్లాడి ఎయిర్ రైఫిల్‌కు?

బ్రష్‌లు వద్దు, సాల్వెంట్ వద్దు, లోపల నూనె వద్దు. సీళ్లు ఉబ్బుతాయి, స్ప్రింగ్ రైఫిల్‌లో నూనె పడితే ఒత్తిడికి అది డీజిల్ ఇంజన్‌లా అంటుకుంటుంది. క్లీనింగ్ కోసం అమ్మే ఫెల్ట్ గుళ్లు, లేదా నైలాన్ తీగకు కట్టిన పొడి గుడ్డ చాలు.

కొబ్బరినూనె పూయొచ్చా? కిరసనాయిలు? డబ్ల్యుడి-40?

కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, నువ్వులనూనె లాంటివి గాలికి జిగురై కడతాయి, మన ఎండలకు మరీ తొందరగా. వంటింట్లో నూనె డబ్బా చుట్టూ చేరే జిడ్డు చూడండి, అదే మీ బోల్ట్‌లో. కిరసనాయిలు మసిని కొంత కరిగిస్తుంది, రాగిని ముట్టదు, ఆరిపోయాక తుప్పుకు అడ్డం నిలబడదు. డబ్ల్యుడి-40 పేరులోనే ఉంది, నీటిని తోసేయడానికి చేసిన నలభయ్యో ప్రయత్నమని. వానలో తడిసిన రైఫిల్ మీద కొట్టి తుడవడానికి భేషు, మూడు నెలలు దాచడానికి కాదు. తుపాకీ నూనె దొరక్కపోతే మంచి కుట్టుమిషను నూనె పలచగా పూసి నెలకోసారి చూసుకోండి. పెట్రోలు మాట ఎత్తకండి అప్పా.

ఇంకోటి, అమోనియా సాల్వెంట్ ఉన్న చోటికి బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ గానీ తేవద్దు, రెండూ కలిస్తే విషవాయువు.

మనది పొడి నేల, తుప్పు రాదు కదా?

అనంతపురంలో వాన తక్కువే, నిజమే. కానీ చెమట? మే నెలలో బారెల్ పట్టుకున్న చేతి ముద్ర తెల్లారేసరికి గోధుమరంగు వేలిముద్ర అవుతుంది. స్టెయిన్‌లెస్ అని ధీమా వద్దు, బారెళ్లకు వాడే 416 రకానికి కూడా తుప్పు పడుతుంది, నెమ్మదిగా. ఏసీ గదిలోంచి శ్రావణమాసం ముసురులోకి తెస్తే లోపలా బయటా చెమ్మ పడుతుంది, సంచిలోనే ఉంచి గది వేడికి రానిచ్చి అప్పుడు విప్పండి.

అయినా మన దగ్గర తుప్పు కంటే పెద్ద శత్రువు దుమ్ము. తాడిపత్రి వైపు గ్రానైటు కోసే చోట పని ఉన్న షూటర్లకు ప్రత్యేకంగా చెబుతున్నా. నాపరాయి దుమ్ము మెత్తటిది, సున్నపురాయే కదా. గ్రానైటు దుమ్ములో, మన చేల ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది, అది బారెల్ స్టీల్ కంటే గట్టిది. జిడ్డు రాడ్డు మీద ఆ దుమ్ము పడితే అది రాడ్డు కాదు, ఆకురాయి. సుడిగాలి లేచే మధ్యాహ్నం మిద్దె మీద కూర్చుని క్లీన్ చేసే అలవాటుంటే ఈరోజే మానేయండి. రాడ్డును గొట్టంలో పెట్టి మూత వేయండి, గోడకు ఆనించి పెట్టకండి.

ఎలక్షన్లకు స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. ఏం చేసి ఇవ్వాలి?

ఇది మన జిల్లాల ప్రశ్న, అందుకే తీరిగ్గా రాస్తున్నా. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. అంటే రైఫిల్ మన చేతిలో లేని కాలం మూడు నెలలకు దగ్గర, అదీ నడి ఎండాకాలం నుంచి తొలకరి దాకా. మా మామ తన .315ను ఆ ముందు ఎన్నికలప్పుడు కాల్చింది కాల్చినట్టే తోలు సంచిలో పెట్టి ఇచ్చొచ్చాడు. తిరిగొచ్చాక మొదటి గుడ్డ ఇటుకపొడిలా వచ్చింది. దాచినవాళ్ల తప్పేం లేదు, వందల తుపాకులు వరసగా పేర్చుకుని కూర్చునేవాళ్లు మన బోరు ఎందుకు చూస్తారు?

ఇచ్చే ముందు రోజు పూర్తిగా కడగండి, మరుసటి పొద్దున ఇంకో పొడి గుడ్డ తోసి రంగు చూడండి. మిగిలిన సాల్వెంట్ రాత్రికి రాత్రి ఇంకొంత రాగిని వదిలిస్తుంది, దాన్ని అలాగే మూడు నెలలు ఉంచకూడదు. తర్వాత తుప్పు నిరోధించే చిక్కటి నూనె లోపలా బయటా. మజిల్‌లో గుడ్డ ఉండ కుక్కి ఇవ్వొద్దు, ఎప్పటికీ వద్దు. చెమ్మను పట్టి ఉంచుతుంది, పైగా మూడు నెలల తర్వాత దాని సంగతి మరిచిపోయి కాల్చితే బారెల్ పగులుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. తోలు సంచి, స్పాంజి పెట్టె చెమ్మ పీల్చి ఉంచుతాయి, వాటి బదులు నూనె అద్దిన నూలుగుడ్డ చుట్టి ఇవ్వండి. "లోపల నూనె ఉంది, తుడిచి కాల్చాలి" అని ట్రిగ్గర్ గార్డుకు చీటీ కట్టండి, అది మీకోసమే. ఇచ్చేటప్పుడు రసీదు, నంబరు సరిచూసుకోవడం ఎలాగూ ఉంటుంది, దాంతోపాటు మజిల్ అంచుకు, స్టాక్‌కు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. తిరిగి తీసుకున్నాక మొదటి పని బోల్ట్ తీసి వెలుతురుకు పెట్టి బోరులోకి చూడడం. సాలీడు గూడు, కందిరీగ మట్టిగూడు, ఏదైనా ఉండొచ్చు.

తుప్పు పట్టేసింది. లేత్ షాపులో చెప్పి సాపు చేయించనా?

వద్దు. బోరు పంపుల షాఫ్టులు తిప్పే మంచి మేస్త్రీలు మన దగ్గర ఉన్నారు, నైపుణ్యం మాట కాదు ఇది. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరుకు లైసెన్సు కావాలి, బారెల్ పొట్టి చేయడానికి సెక్షన్ 6 విడిగా ఉంది. ఆయన్నీ మిమ్మల్నీ కలిపి ఇరికించుకోవడమే. ముందు నూనెలో నానబెట్టి కంచు బ్రష్‌తో మెల్లగా ప్రయత్నించండి, పైపైది పోతుంది. గుంటలు పడితే పోవు, అయినా కాల్చి చూడండి, మా మామ .315 గుంటలతోనే ఇప్పటికీ సరిగ్గా కొడుతోంది. ఎమరీ పేపర్ మాత్రం బారెల్ ఉన్న గదిలో కూడా ఉంచొద్దు.

పాత తూటాలు, నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కూరే తుపాకులు?

పాత మిలిటరీ తూటాలు కొన్నింటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలితే పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది, ఊరగాయ జాడీ మూత మీద ఉప్పులాగే గాల్లో చెమ్మ పీలుస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. కాబట్టి ముందు వేడినీళ్ల గుడ్డలు, బాగా ఆరబెట్టి, తర్వాత మామూలు పద్ధతి. పంట కాపలా లైసెన్సు మీద బ్లాక్ పౌడర్ తుపాకీ ఉన్నవాళ్లకూ ఇదే, సబ్బు వేడినీళ్లు, అదే రోజు, రేపు కాదు. లైసెన్సు లేని నాటు తుపాకీ గురించి నన్ను అడగొద్దు.

కెమెరా బోర్‌స్కోప్ కొన్నాను, లోపల చూసి నిద్ర పట్టట్లేదు.

ఫోన్‌కు తగిలించే ఆ కెమెరా ప్రతి గీతనూ నల్లమల లోయలా చూపిస్తుంది. కొత్త బారెల్‌లో కూడా ఏదో ఒకటి కనబడుతుంది. మసి ఉంగరం ఉందా, రాగి చారలు ఉన్నాయా చూసుకోవడానికి వాడండి, గ్రూప్ బాగున్నప్పుడు లోపల వెతక్కండి.

బారెల్ పని అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

త్రోట్ దగ్గర స్టీల్ నెర్రెలిస్తుంది, ఎండిన చెరువు అడుగులా, అచ్చం అలాగే ఉంటుంది. అది ఒక్కటే చూసి బారెల్ మార్చకండి, నెర్రెలతో వేల తూటాలు కాల్చినవాళ్లున్నారు. బాగా కడిగి, అలవాటైన తూటాతో, స్టాక్ మరలు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, బారెల్‌కూ స్టాక్‌కూ మధ్య పది రూపాయల నోటు అడ్డం లేకుండా జారుతోందో లేదో చూసి, అప్పుడు కూడా గ్రూప్ రాకపోతే అనుమానించండి. .308 మామూలుగా ఐదు వేల తూటాల దాకా మంచి గురి ఇస్తుంది, వేగం ఎక్కువ ఉన్న మాగ్నమ్‌లు అందులో మూడో వంతుకే చేతులెత్తేస్తాయి, .22 అయితే పదివేలు దాటి ఎంతో దూరం పోతుంది.

మార్చాక పాత బారెల్‌ను పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. చట్టం దృష్టిలో విడిభాగం కూడా ఆయుధమే. లైసెన్సు ఉన్న డీలరు ద్వారానే మార్పించి, పాతదాన్ని ఆయనకే అప్పగించి కాగితం తీసుకోండి.